వేలికి క్లిప్ పెట్టే ముందు: పెద్ద పొట్ట ఆపరేషన్ అయిన రోగి ఆక్సిజన్‌ను కనిపెట్టుకునే పద్ధతి

రాత్రి రెండు గంటలకు మా వార్డులో జరిగే తప్పు ఒకటుంది. నేనూ దాన్ని ఏళ్ల తరబడి చేశాను. కేస్ షీట్లు చంకలో పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్తాం. "తాతగారూ, కొంచెం వేలు ఇవ్వండి" అని భుజం తట్టి లేపుతాం. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచి, నాలుగు గట్టి ఊపిర్లు తీసి, "తెల్లారిందా అమ్మా?" అని అడుగుతారు. వేలికి ఆక్సీమీటర్ క్లిప్ తగిలిస్తాం. 97 చూపిస్తుంది. 97 అని రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోతాం. మనం అటు తిరిగిన పది నిమిషాలకు ఆయన మళ్లీ గురక మొదలుపెడతారు, శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 86కు జారుతుంది. దాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. కాగితం మీద మాత్రం రాత్రంతా 97, 97, 97.

నేను 23 ఏళ్లుగా స్టాఫ్ నర్సును. నాలుగేళ్లు థియేటర్‌లో చేశాను, మిగతా కాలమంతా శస్త్రచికిత్స తర్వాతి వార్డులోనే. పేగు కోసి కలిపినవి, జీర్ణాశయం తీసినవి, పుండు పగిలి అర్ధరాత్రి వచ్చినవి, కాలేయం, క్లోమం ఆపరేషన్లు మా దగ్గరికి వస్తాయి. కొత్తగా చేరే పిల్లలకు ప్రతి ఏడూ నోటితో చెప్పేదాన్నే ఈసారి రాసి పెడుతున్నాను. రోగి పక్కన కూర్చునే బంధువులకూ ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి. మందుల విషయంలో, ఆక్సిజన్ మోతాదు విషయంలో మాత్రం డాక్టరు కేస్ షీట్‌లో రాసిందే చివరి మాట.

కోసింది పొట్ట కదా, ఊపిరితిత్తులకేమైంది?

బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టగానే పొట్టలోని అవయవాలు ఉదరవితానాన్ని, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొరను, పైకి నెడతాయి. ఊపిరి వదిలాక కూడా లోపల నిల్వ ఉండే గాలి దాదాపు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తగ్గిపోతుంది. మత్తు ఇచ్చాక ఇంకో అర లీటరు దాకా పోతుంది. పూర్తి మత్తు ఇచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి ఊపిరితిత్తుల అడుగుభాగం కొంతైనా ముడుచుకుంటుందని స్కాన్లలో చూశారు. ఆ తర్వాత నొప్పి వంతు వస్తుంది. బొడ్డుకు పైన కోత పడితే గట్టిగా ఊపిరి తీయాలన్నా దగ్గాలన్నా కుట్లు లాగుతాయి. కాబట్టి రోగి పై పైన చిన్న ఊపిర్లు తీస్తాడు, దగ్గు మింగేస్తాడు. కఫం అడుగున చేరుతుంది, ముడుచుకున్న భాగం ముడుచుకునే ఉంటుంది. ఆపరేషన్ మర్నాడు రోగి ఒక్క దమ్ములో తీయగలిగే గాలి మామూలులో సగానికి పడిపోవడం మేము తరచూ చూసేదే. బొడ్డుకు కింద కోత అయితే ఇంత బాధ ఉండదు.

ముందు రోజే మొదలుపెట్టాలి

ఆపరేషన్ అయ్యాక వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? ముందు రోజు అంకెతో. అందుకని వార్డులో చేరిన సాయంత్రమే రోగిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, ఆక్సిజన్ లేకుండా, మామూలు గది గాలిలో ఒకసారి చూడండి. తర్వాత చదునుగా పడుకోబెట్టి ఇంకోసారి చూడండి. రెండూ రాయండి. పడుకోగానే మూడు నాలుగు అంకెలు దిగిందంటే మత్తు డాక్టరుకు చెప్పవలసిన సంగతే.

ఈ ఒక్క అలవాటు విలువ నాకు ఒక చుట్ట తాతగారు నేర్పారు. 68 ఏళ్లు, నలభై ఏళ్లుగా చుట్ట తాగే మనిషి, పెద్దపేగు కాన్సరు. గది గాలిలో కూర్చుంటే 91. నేను కంగారుపడ్డాను, ఆయన మాత్రం హాయిగా కబుర్లు చెబుతున్నారు. ఆయన శరీరం ఆ 91కే అలవాటు పడిపోయింది. ఇలా దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉండి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవాళ్లకు లక్ష్యం 88 నుంచి 92. మిగతా రోగుల్లో చాలామందికి 94 నుంచి 98. ముందు రోజు ఆ 91 రాసి ఉండకపోతే, ఆపరేషన్ తర్వాత ఎవరో ఒకరం ఆయనకు ఆక్సిజన్ ఎక్కించి ఎక్కించి 99కి తెచ్చి మురిసిపోయేవాళ్లం. ఆయనేమో మెల్లగా మగతలోకి జారిపోయేవారు.

ఆ సాయంత్రమే చూడవలసినవి ఇంకో రెండు మూడు ఉన్నాయి. నెయిల్ పాలిష్ తుడిచేయండి. నలుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఆషాఢంలో మా వార్డు నిండా గోరింటాకు చేతులే. ఎర్రగా పండినదానితో పెద్దగా తేడా రాలేదు కానీ, పెళ్లిళ్లలో పెట్టే నల్ల మెహందీ ఉన్న వేలికి సిగ్నల్ అందక యంత్రం గీతలు చూపించింది. అప్పుడు క్లిప్‌ను గోరు మీదుగా కాకుండా వేలికి అడ్డంగా తిప్పి పెట్టండి, లేదా చెవి తమ్మెకు పెట్టే ప్రోబ్ అడగండి. పొగ తాగేవాళ్లను మాత్రం బాత్‌రూముకు పంపే ముందు జేబులు చూడమని బంధువులకు చెబుతాను. నవ్వులాటకు అనడం లేదు. పొగతో పాటు రక్తంలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌ను మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. అంకె బాగుంటుంది, రక్తం బాగుండదు.

గాలి పీల్చి బంతులు పైకి లేపే మూడు బంతుల స్పైరోమీటర్ నేర్పించవలసిందీ ఆ సాయంత్రమే. ఆపరేషన్ అయ్యాక నొప్పితో ఉన్న మనిషికి "ఊదకూడదు, పీల్చాలి" అని ఎంత చెప్పినా ఎక్కదు. అందరూ మొదట ఊదుతారు. రెండో బంతిని మూడు క్షణాలు పైనే నిలబెట్టగలిగారో లేదో చూసి, అదీ రాసుకోండి. ఆపరేషన్ తర్వాత ఆ బంతి లేవడం మానేస్తే శాచురేషన్ పడకముందే మీకు కబురు అందినట్టే.

థియేటర్‌లో

ఇక్కడ మత్తు డాక్టరు రాజ్యం, మనం చెప్పేది తక్కువ. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో, మత్తు ఇవ్వడానికి ముందే ఆక్సీమీటర్ రోగికి తగిలించి ఉందా, పనిచేస్తోందా అన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నకు యంత్రం తెర చూసి జవాబివ్వండి, అలవాటుగా తల ఊపవద్దు.

మత్తుకు ముందు మూడు నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. మాస్కు ముఖానికి ఆనించి పట్టుకోమంటే కొందరు రోగి భయపడతాడని రెండంగుళాలు పైకి ఎత్తి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే పీల్చేది సగం గది గాలే. మూడు నిమిషాలూ సరిగ్గా పట్టుకుంటే, శ్వాసనాళంలోకి గొట్టం వేసేలోపు ఊపిరి ఆగినా ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికి ఏడెనిమిది నిమిషాల వ్యవధి దొరుకుతుంది. గది గాలితోనే అయితే నిమిషం దొరకడం కష్టం. బొజ్జ పెద్దదైనా, పేగు అడ్డుపడి పొట్ట ఉబ్బినా ఆ వ్యవధి బాగా తగ్గిపోతుంది.

ఆక్సీమీటర్ శబ్దాన్ని తగ్గించవద్దు. శాచురేషన్ దిగేకొద్దీ ఆ టిక్ టిక్ శ్రుతి కిందికి దిగుతుంది. కళ్లు పొట్టలో ఉన్నా చెవులు రోగి దగ్గరే ఉంటాయి. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో, పొట్టలోకి 12 నుంచి 15 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) పీడనంతో గ్యాస్ నింపి, తల కిందికి వాల్చినప్పుడు ఉదరవితానంతో పాటు ఊపిరితిత్తులూ పైకి జరుగుతాయి. గొట్టం కొన ఒక వైపు శ్వాసనాళంలోకి దూరవచ్చు. బల్ల వాల్చిన వెంటనే శ్రుతి మారితే మొదట అనుమానించవలసింది దాన్నే.

థియేటర్ తలుపు నుంచి మంచం దాకా

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన దూరం ఇదే. గొట్టం తీశారు, మత్తు పూర్తిగా దిగలేదు, మానిటర్ వైర్లు ఊడదీశారు, ట్రాలీ తోసే అబ్బాయికి ఇంకో కేసు ఉంది. మేము పనిచేసిన చోట ఒకసారి లిఫ్టు మూడో అంతస్తు మీద ఆగిపోయింది. రోగి ముఖానికి మాస్కు ఉంది, సిలిండరు మీటరులో బుడగలు వస్తున్నాయి. చేతి ఆక్సీమీటర్ 93 నుంచి 84కు వచ్చింది. గొట్టం వెంట చేయి పెట్టి వెతుక్కుంటూ వెళ్తే దాని రెండో కొస దుప్పటి కింద ఉంది, మాస్కుకు తగిలించనే లేదు. తగిలించింది నేనే అనుకున్నాను, నాతో వచ్చిన సిస్టర్ తానే అనుకుంది.

అప్పటి నుంచి మాస్కు రోగికి పెట్టే ముందు నా చెంపకు ఆనించి గాలి తగులుతోందో లేదో చూసుకుంటాను. సిలిండరు లెక్క కూడా ముందే వేసుకోండి. వార్డుల్లో తిరిగే బి టైప్ సిలిండరు లోపలి పరిమాణం సుమారు పది లీటర్లు. గేజిలో ముల్లు 50 బార్ దగ్గర ఉంటే లోపల సుమారు 500 లీటర్ల ఆక్సిజన్ ఉన్నట్టు. నిమిషానికి 10 లీటర్లు వాడితే 50 నిమిషాలు. అందులో సగమే నాది అనుకుని బయల్దేరుతాను, లిఫ్టుల సంగతి తెలుసు కాబట్టి.

క్లిప్ పెట్టడం కూడా ఒక పనే

1974లో జపాన్‌లో, నిహోన్ కోడెన్ సంస్థ ఇంజినీరు టకువో అయోయగి ఈ పద్ధతిని కనిపెట్టారు. ఆయన నిజానికి గుండె ఎంత రక్తం పంపుతోందో రంగు ఎక్కించి కొలుద్దామనుకున్నారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలతలో వచ్చే అల ఆయనకు అడ్డు తగిలింది. ఆ అడ్డునే ఆక్సిజన్ కొలవడానికి వాడుకోవచ్చని ఆయనకు తట్టింది. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, వేలిలో నాడి అందకపోతే ఈ యంత్రం చూపించే అంకెకు అర్థం లేదు. ఎరుపు కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి వేలిలోంచి దాటి వస్తాయి. కొట్టుకునే రక్తం ఏ కాంతిని ఎంత మింగిందన్నదే లెక్క.

కాబట్టి ముందు అల చూడండి, తర్వాతే అంకె. అల నిండుగా, ఒకే తీరుగా, కొండ వెనుక కొండలా రావాలి. యంత్రం చూపే నాడి వేగం మీ వేళ్లకు మణికట్టు దగ్గర అందే వేగంతో కలవాలి. కలవకపోతే ఆ 85నూ నమ్మవద్దు, 98నీ నమ్మవద్దు. బీపీ కఫ్ ఉన్న చేతికి పెట్టకండి, అది బిగుసుకున్నప్పుడల్లా ఉత్త అలారమే. చలి చేతులైతే రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దండి, వణుకు తగ్గేదాకా దుప్పటి కప్పండి. ట్యూబ్‌లైటు నేరుగా పడుతుంటే వేలిపై గుడ్డ కప్పండి. పెట్టాక అర నిమిషం ఆగండి. వేలి దగ్గర కనిపించేది ఇప్పటి సంగతి కాదు, ఊపిరితిత్తులలో అర నిమిషం కిందట జరిగిన సంగతి. కాలివేలికి పెడితే ఇంకా ఆలస్యం. రోజంతా ఒకే వేలికి ఉంచితే చర్మం కందుతుంది, రెండు మూడు గంటలకోసారి మార్చండి. ముదురు చాయ ఉన్నవాళ్లలో యంత్రం అసలు కన్నా కొంచెం ఎక్కువ చూపే వీలుందని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి గట్టిగా చెప్పింది. మన దగ్గర దీన్ని మనసులో పెట్టుకోవాలి: 92 చూపిస్తూ మనిషి ఆయాసపడుతుంటే, మనిషినే నమ్మండి.

లేపకుండా చూడటం

ఇప్పుడు అసలు పని. 2015లో వచ్చిన క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ అధ్యయనంలో, గుండెకు సంబంధం లేని ఆపరేషన్లు అయిన 833 మందికి వార్డులో ఆగకుండా ఆక్సీమీటర్ పెట్టి, దాని అంకెలు నర్సులకు కనబడకుండా దాచారు. నూటికి 37 మందికి శాచురేషన్ ఒక గంట లేదా అంతకన్నా ఎక్కువసేపు 90 కింద ఉంది. అలాంటి సందర్భాల్లో పదింట తొమ్మిది మామూలు పద్ధతిలో రాసిన చార్టుల్లో కనబడలేదు. అది చదివినప్పుడు ఎవరో మా వార్డు తలుపు సందులోంచి చూసి రాసినట్టనిపించింది.

నేను చేసేది ఇది. మంచం కాళ్ల వైపు నిలబడతాను. ముట్టుకోను, పిలవను, లైటు వేయను. ఛాతీ మీద దుప్పటి అంచు లేచి దిగడం చూస్తూ నిండుగా ఒక నిమిషం ఊపిర్లు లెక్కపెడతాను. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ పనికిరాదు, గురక మధ్యలో ఆగే ఆ ఇరవై క్షణాలు అందులో దొరకవు. ఊపిరి తీసినప్పుడు గొంతు గుంట లోపలికి పోతోందా, పొట్ట ఒక వైపు, ఛాతీ ఇంకో వైపు కదులుతున్నాయా చూస్తాను. ఆ తర్వాత మెల్లగా క్లిప్ తగిలించి, అల కుదిరాక అంకె చూస్తాను. చివరగా లేపుతాను. రెండూ రాస్తాను: "నిద్రలో 88, లేపాక 96." మొదటి రాత్రి మీద అందరి కన్నూ ఉంటుంది. రెండో రాత్రి, మూడో రాత్రి మానిటర్ తీసేస్తారు, మత్తు మందులకు దూరమైన గాఢనిద్ర అప్పుడు తిరిగి వస్తుంది, గురకా వస్తుంది. ఆ రాత్రులే ఎక్కువ జాగ్రత్త.

ఇంకో మాట: ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లు నడుస్తోందో రాయకుండా శాచురేషన్ రాస్తే అది సగం రాత. ఉదయం 2 లీటర్ల మీద 96, సాయంత్రం 6 లీటర్ల మీద 96. అంకె మారలేదు, రోగి మాత్రం బాగా దిగజారాడు.

ఆక్సిజన్ చేసే మోసం ఇంకొకటి. క్లోమం ఆపరేషన్ అయిన ఒకావిడకు నొప్పికి మార్ఫిన్ నడుస్తోంది, 4 లీటర్ల ఆక్సిజన్ ఉంది. శాచురేషన్ 99. బాగా నిద్రపోతున్నారని కూతురు సంతోషించింది, నేనూ సంతోషించాను. ఊపిర్లు లెక్కపెడితే నిమిషానికి 7. పిలిస్తే కళ్లు తెరవడానికి రెండు సార్లు భుజం కుదపవలసి వచ్చింది. ఆక్సిజన్ ధారాళంగా అందుతున్నంతసేపు శాచురేషన్ పడదు, బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం లోపల పేరుకుంటుంది. వేలి క్లిప్‌కు ఆ సంగతి తెలియదు. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. పావుగంటకు ఆవిడ లేచి మంచినీళ్లు అడిగారు. ఊపిర్లు పదికి తగ్గినా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా అంకె 100 ఉన్నా సరే డాక్టరును పిలవండి.

పడిపోతే ఏం చేయాలి

90 అన్నది ఊరికే పెట్టుకున్న గీత కాదు. శాచురేషన్ 90 ఉంటే ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సుమారు 60 మిల్లీమీటర్లు. అక్కడిదాకా చదునుగా ఉన్న దారి అక్కడినుంచి నిట్టనిలువు లోయ. 97 నుంచి 93కు రావడానికి గంటలు పట్టవచ్చు, 90 నుంచి 80కి నిమిషాలు చాలు. 88–92 లక్ష్యం ఉన్నవాళ్లను మినహాయిస్తే, నేను 92 దగ్గరే కదులుతాను.

యంత్రం వైపు కాదు, ముందు ముఖం వైపు చూడండి. పెదవుల రంగు, ఆయాసం, మాట. తల వైపు మంచం ముప్పై నలభై డిగ్రీలు ఎత్తండి. దిండుకు ఆనుకుని కిందికి జారిపోయిన రోగిని పైకి లాగి కూర్చోబెట్టడంతోనే మూడు నాలుగు అంకెలు లేచిన సందర్భాలు ఎన్నో. చిన్న దిండును కుట్ల మీద రెండు చేతులతో గట్టిగా హత్తుకోమని, అయిదు దీర్ఘశ్వాసలు తీసి దగ్గమనండి. నొప్పి మందు సమయం దాటిపోయిందా చూడండి. నొప్పి తగ్గకుండా దగ్గు రాదు. ఆక్సిజన్ గొట్టాన్ని గోడ నుంచి ముక్కు దాకా చేత్తో తడుముతూ రండి. ముక్కు గొట్టాలతో 6 లీటర్ల దాకా ఇవ్వవచ్చు. మామూలు మాస్కు పెడితే 5 లీటర్లకు తగ్గించవద్దు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. సంచి ఉన్న మాస్కుకు 10 నుంచి 15, సంచి ఉబ్బి ఉండాలి. ఇవన్నీ చేస్తూనే డాక్టరుకు ఫోను చేయించండి. "శాచురేషన్ పడింది" అని మాత్రమే చెప్పకండి. "రెండో రోజు, పెద్దపేగు కేసు, 2 లీటర్ల మీద 95 ఉండేది, ఇప్పుడు 6 లీటర్ల మీద 89, ఊపిర్లు 30, నాడి 118, బీపీ ఇంత" అని చెప్పండి. ఆ డాక్టరు ఫోను పెట్టేసే లోపే చెప్పులు వేసుకుంటారు.

ఊపిరి వేగం అంకె కన్నా ముందే మాట్లాడుతుంది. 16 ఉన్నది 28 అయి, శాచురేషన్ ఇంకా 95 చూపిస్తుంటే, రోగి ఆ 95ను చెమటోడ్చి కాపాడుకుంటున్నాడని అర్థం. నాలుగైదు రోజుల తర్వాత ఇలా జరిగితే న్యుమోనియా ఒక్కటే కాదు, లోపల పేగు అతుకు దగ్గర లీకు కూడా కారణం కావచ్చు. పొట్ట చూడకుండా ఊపిరితిత్తులనే పట్టుకుని కూర్చోవద్దు. ఉన్నట్టుండి పడిపోయి, ఛాతీ నొప్పి ఉండి, ఒక పిక్క వాచి ఉంటే రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని వెంటనే చెప్పాలి.

అంకె బాగుండి రోగి బాగుండకపోవడానికి ఇంకో కారణం రక్తం తగ్గడం. గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 14, శాచురేషన్ 98 అయితే 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 18 మిల్లీలీటర్ల ఆక్సిజన్. హిమోగ్లోబిన్ 7కు పడితే, అదే 98తో 9 మాత్రమే. బస్సు నిండుగానే ఉంది, కానీ బస్సులే సగం వచ్చాయి. పొట్టలోంచి ద్రవం బయటికి తీసే గొట్టం (డ్రెయిన్) ఎర్రగా నిండుతుంటే 98 చూసి కుదుటపడవద్దు.

అనుమానం తీరకపోతే డాక్టరు ధమని నుంచి రక్తం తీసి ఏబీజీకి, అంటే రక్తంలోని వాయువులు కొలిచే పరీక్షకు, పంపుతారు. మన వంతు: సిరంజిలో గాలి బుడగ ఉండకూడదు, అరగంటలోపు యంత్రానికి చేరాలి, గుచ్చిన చోట గడియారం చూసుకుని అయిదు నిమిషాలు నొక్కిపట్టాలి. కాగితం మీద ఆక్సిజన్ ఎంత నడుస్తోందో రాయాలి.

బంధువులకు

కోవిడ్ నాటి ఆక్సీమీటర్ ఇంటి నుంచి తెచ్చుకుంటే నేను కాదనను. కానీ 97 నుంచి 96 అయిందని పరుగెత్తుకు రావద్దు. ఆ యంత్రాల్లో రెండు మూడు అంకెల తేడా మామూలే. మీరు చేయగలిగిన మంచి పని వేరే ఉంది: మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి బంతులు లేపించండి, కూర్చోబెట్టండి, రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే వచ్చి చెప్పండి. అన్నం పెట్టేటప్పుడు మాస్కు తీసి పక్కన పడేయవద్దు, ముక్కు గొట్టాలు అడగండి, ఇస్తాం. దేవుడి విభూతి నుదుటన పెట్టండి, అభ్యంతరం లేదు. ఆక్సిజన్ నడుస్తున్న మంచం దగ్గర కర్పూరం, అగరువత్తి మాత్రం వెలిగించవద్దు.

చుట్ట తాతగారు రెండో రాత్రి నిద్రలో 81కి దిగారు. మంచం తల వైపు ఎత్తాం, డాక్టరు నొప్పి మందు మార్చారు, ఆక్సిజన్ కొద్దిగా పెట్టి 90 దగ్గర నిలిపారు. అయిదో రాత్రి మూడు గంటలకు ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి నేను రాసింది ఇదీ: "నిద్రలో 90, గది గాలి, ఊపిర్లు 16, గురక లేదు. లేపలేదు."